బాక్టీరియాను చంపే ప్లాస్టిక్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "మామూలు ప్లాస్టిక్‌కి క్రిములను చంపే గుణం తెప్పించాలండీ, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని విద్యార్థులు, "యాంటీబాక్టీరియల్ అని రాసిన ట్యాంకు కొనొచ్చా?" అని బంధువులు, "మా డబ్బాల మీద ఆ మాట వేసుకోవచ్చా?" అని చిన్న ఫ్యాక్టరీల వాళ్లు. ఒకరికి చెప్పిందే పదిమందికీ చెబుతున్నాను కాబట్టి అన్నీ ఇక్కడ పెడుతున్నాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ప్లాస్టిక్‌లో మందు కలపడానికీ, ప్లాస్టిక్‌నే మార్చడానికీ తేడా ఏంటి?

బీరువాలో కలరా ఉండ వేస్తాం కదా. అది కొద్దికొద్దిగా ఆవిరవుతూ ఉన్నంతకాలం పని చేస్తుంది, కరిగిపోయాక ఏమీ ఉండదు. ప్లాస్టిక్ గుళికల్లో వెండి సమ్మేళనమో, ట్రైక్లోసాన్ అనే క్రిమినాశినో కలిపి అచ్చు పోస్తే జరిగేది అదే. మందు లోపలి నుంచి మెల్లగా బయటికొస్తుంది, చుట్టుపక్కల క్రిములను చంపుతుంది, ఎప్పుడో ఒకనాటికి అయిపోతుంది. వచ్చిన మందు నీళ్లలోకో, తిండిలోకో, కాలువలోకో చేరుతుంది.

రసాయనికంగా మార్చడం అంటే ముళ్ల కంచె కట్టడం లాంటిది. చంపే సమూహాన్ని ప్లాస్టిక్ గొలుసుకే కోవలెంట్ బంధంతో కట్టేస్తాం. అది ఊడి రాదు, కాబట్టి తరిగిపోదు. కానీ కంచెను తాకినవాడికే ముల్లు గుచ్చుకుంటుంది. ఒక మిల్లీమీటరు దూరంలో ఉన్న క్రిమికి దాంతో ఏ ఇబ్బందీ లేదు. ఈ రెండింటి తేడా బుర్రకెక్కితే మిగతా సందేహాల్లో సగం వాటంతటవే తీరిపోతాయి.

కదలకుండా కట్టేసిన రసాయనం క్రిమిని ఎలా చంపుతుందండీ?

ఎక్కువగా వాడేవి క్వాటర్నరీ అమ్మోనియం సమూహాలు. ల్యాబుల్లో ముద్దుగా క్వాట్‌లు అంటాం. నైట్రోజన్‌కి నాలుగు వైపులా కార్బన్లు ఉంటాయి, దాని మీద శాశ్వతంగా ధనావేశం ఉంటుంది. గాయాలు కడిగే సెట్రిమైడ్ ఈ కుటుంబానిదే. బెంజాల్కోనియం క్లోరైడ్‌కి క్రిములను చంపే శక్తి ఉందని గెర్హార్డ్ డొమాక్ 1935లోనే చూపించాడు.

బాక్టీరియా ఒంటి మీద ఋణావేశం ఉంటుంది. బాక్టీరియాలో రెండు పెద్ద వర్గాలున్నాయి: గ్రామ్ పాజిటివ్ వాటిలో గోడలోని టైకోయిక్ ఆమ్లాల వల్ల, గ్రామ్ నెగటివ్ వాటిలో బయటి పొరలోని ఫాస్ఫేట్ల వల్ల. ఆ పొరను కాల్షియం, మెగ్నీషియం అయాన్లు ఇటుకల మధ్య సిమెంటులా పట్టి ఉంచుతాయి. ధనావేశం దట్టంగా ఉన్న ఉపరితలానికి క్రిమి అతుక్కోగానే ఆ అయాన్లు తమ చోటు వదిలేస్తాయి, పొర వదులైపోతుంది. నైట్రోజన్‌కి తగిలించిన కార్బన్ తోక క్రిమి కొవ్వు పొరలోకి దూరి దాన్ని చీలుస్తుందనేది ఇంకో వివరణ. ఏది ప్రధానం అన్న వాదన ఇంకా నడుస్తోంది. నా మటుకు రెండూ కలిసే జరుగుతాయనిపిస్తుంది. అందరూ ఒప్పుకునేది ఒకటుంది: ధనావేశం ఒక హద్దు దాటి దట్టంగా లేకపోతే ఉపరితలం చంపదు. అక్కడొకటి ఇక్కడొకటి అతికిస్తే లాభం లేదు.

ఎవరైనా నిజంగా చేసి చూపించారా, లేక పేపర్ల మీదేనా?

చూపించారు. 1972లోనే అమెరికాలో సిలికాన్ ఉన్న ఒక క్వాట్‌ను గాజుకీ బట్టకీ బంధించి, అది ఊడకుండానే క్రిములను చంపుతోందని ప్రకటించారు. అసలు మలుపు 2001లో వచ్చింది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ క్లిబనోవ్ బృందం పాలీ వినైల్ పిరిడిన్ అనే పొడవాటి గొలుసును గాజు పలకకు కట్టి, దాని నైట్రోజన్లకు ఆరు కార్బన్ల హెక్సైల్ తోక తగిలించింది. మనిషి దగ్గినప్పుడు పడే తుంపర్లలాగా క్రిములున్న నీటిని దాని మీద స్ప్రే చేసి ఆరనిచ్చి చూస్తే, నాలుగు రకాల బాక్టీరియాలోనూ 90 శాతానికి పైగా చచ్చాయి.

అందులో నాకు బాగా నచ్చినది తోక పొడవు సంగతి. మూడు నుంచి ఎనిమిది కార్బన్ల తోకలు పనిచేశాయి. పది, ఆపైన పెడితే ఆగిపోయింది. తోకలు మరీ పొడవైతే నీటికి భయపడి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండకట్టుకుపోతాయి, గొలుసులు విడివిడిగా నిలబడవు. "తోక ఎంత పొడవైతే అంత మంచిది" అనుకుని డోడెసైల్ (12 కార్బన్లు), హెక్సాడెసైల్ (16 కార్బన్లు) కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. 2002లో అదే బృందం ఈ పద్ధతిని పాలిథిన్, పాలీప్రొపిలీన్, నైలాన్, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) మీదికి తెచ్చింది. మామూలు ప్లాస్టిక్‌ల కథ అక్కడ మొదలైంది.

## ఏ ప్లాస్టిక్‌కి ఏ దారి

పాలిథిన్, పాలీప్రొపిలీన్ మీద ఏదీ అంటుకోవడం లేదు. ఏం చేయాలి?

అంటుకోదు మరి. వాటిలో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ బంధాలే. రసాయనం పట్టుకోవడానికి ఒక్క కొక్కెం కూడా ఉండదు. ముందు కొక్కెం తయారుచేయాలి: ప్లాస్మా, కరోనా, ఓజోన్, గామా కిరణాలు లేదా బెంజోఫెనోన్ పెట్టి యూవీ కాంతి.

కరోనా అంటే భయపడకండి, ఇది విద్యుత్ డిశ్చార్జ్. క్యారీబ్యాగుల మీద అచ్చు వేసే యూనిట్లలో ఈ యంత్రం ఉంటుంది. పాలిథిన్ ఉపరితల శక్తి 31 డైన్ల దగ్గర ఉంటుంది, ఇంకు నిలవాలంటే 38 దాటాలి, దానికోసమే వాడతారు. మీ ఊళ్లో ప్రింటింగ్ యూనిట్ వాళ్లను అడిగితే చిన్న ముక్కలు చేసిస్తారు. ఒక జాగ్రత్త: ఆ ప్రభావం రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. సోమవారం ట్రీట్ చేయించి శుక్రవారం గ్రాఫ్టింగ్ (ఉపరితలానికి గొలుసులు అతికించడం) పెట్టుకోవద్దు, అదే రోజు చేసేయండి.

పీవీసీ అయితే తేలిక అంటారు కదా?

మిగతావాటితో పోలిస్తే తేలికే. గొలుసు మీద ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్‌కి క్లోరిన్ ఉంటుంది. దాన్ని తీసి దాని చోట ఇంకొకటి పెట్టొచ్చు. అజైడ్, థయోసయనేట్, థయోల్, అమీన్, ఏదైనా. నీళ్లలో ఉన్న ఉప్పు ప్లాస్టిక్ దగ్గరికి చేరడానికి ఫేజ్ ట్రాన్స్‌ఫర్ ఉత్ప్రేరకం కావాలి, టెట్రాబ్యూటైల్ అమ్మోనియం లవణాలు సరిపోతాయి. సేంద్రియ ద్రావణిలో చేస్తే గొట్టం ఉబ్బిపోతుంది, మెత్తదనం కోసం కలిపిన ప్లాస్టిసైజర్ కూడా బయటికొచ్చేసి గట్టిపడుతుంది. అందుకే నీళ్లలో చేయడం మేలు.

మన దేశంలోనే తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో ఈ దారిలో మంచి పని జరిగింది. మెత్తటి పీవీసీ ఉపరితలం మీద థయోసయనేట్ పెట్టి బాక్టీరియా అతుక్కోవడం తగ్గుతుందని 2003లో ప్రచురించారు. అది చంపే ఉపరితలం అని కాదు, అతుక్కోనివ్వని ఉపరితలం అని చదువుకోవాలి. ఈ తేడా ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచూ మాయమైపోతుంది.

అజైడ్ వాడేవాళ్లకు దండం పెట్టి చెబుతున్నాను. సోడియం అజైడ్ ప్రాణాంతకమైన విషం. ఆమ్లం తగిలితే హైడ్రజోయిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది. సింకులో పోస్తే రాగి, సీసం గొట్టాల్లో పేలే లవణాలు పేరుకుంటాయి. డైక్లోరోమీథేన్‌తో కలపకూడదు. పొగగూడు (ఫ్యూమ్ హుడ్), అనుభవం ఉన్నవాళ్ల పర్యవేక్షణ లేని చోట థయోసయనేట్‌తోనో అమీన్‌తోనో సరిపెట్టుకోండి.

పెట్ సీసాలు, నైలాన్, పాలీస్టైరీన్ సంగతి?

పెట్‌లో ఎస్టర్ బంధాలుంటాయి. ఎథిలీన్ డయమీన్ లాంటిది వాటిని తెంచి అమీన్ సమూహాన్ని వదిలిపెడుతుంది, దాన్ని క్వాట్‌గా మార్చొచ్చు. ఎక్కువసేపు ఉంచితే ఫిల్ము అప్పడంలా పెళుసెక్కుతుంది, నిమిషాల లెక్కన చూసుకోవాలి. నైలాన్‌లో అమైడ్‌లున్నాయి, దారి ఉంది కానీ నెమ్మది. పాలీస్టైరీన్‌లో బెంజీన్ వలయానికి క్లోరోమీథైల్ పెట్టి క్వాట్ చేస్తారు. పాత పద్ధతిలో వాడే క్లోరోమీథైల్ మీథైల్ ఈథర్ క్యాన్సర్ తెస్తుంది, దాని జోలికి పోకండి. క్లోరోమీథైల్ ఉన్న మెరిఫీల్డ్ రెజిన్ రెడీమేడ్‌గా దొరుకుతుంది.

బ్లీచింగ్ నీళ్లతో మళ్లీ చార్జ్ అయ్యే ప్లాస్టిక్ ఉందట, నిజమా?

నిజమే. వాటిని ఎన్-హాలమీన్‌లు అంటారు. నైట్రోజన్‌కి క్లోరిన్ కట్టి ఉంటుంది. క్రిమి తగిలినప్పుడు ఆ క్లోరిన్ దానికి వెళ్లిపోతుంది, నైట్రోజన్‌కి హైడ్రోజన్ మిగులుతుంది. పలచటి హైపోక్లోరైట్ నీళ్లలో ముంచితే క్లోరిన్ తిరిగి ఎక్కుతుంది. అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో వర్లీ బృందం పాలీస్టైరీన్ పూసలను ఇలా మార్చి నీటిశుద్ధికి పనికొచ్చేలా చేసింది. క్వాట్‌ల కంటే వేగంగా చంపుతాయి. ఎండ, యూవీ తగిలితే క్లోరిన్ ఊడిపోవడం వాటి బలహీనత.

## ల్యాబ్‌లో చేసేటప్పుడు

నిజంగా కట్టుబడిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఖరీదైన యంత్రం దొరికేలోగా ఫ్లోరెసీన్ పరీక్ష చేయండి. నాకు ఇప్పటికీ ఇది చూడాలంటే ఇష్టం. ఫ్లోరెసీన్ సోడియం లవణాన్ని నీళ్లలో ఒక శాతం కలిపి, ముక్కను పది నిమిషాలు ముంచి, నీళ్లతో బాగా కడగండి. మార్చని ముక్క మీద రంగంతా కడిగిన నీళ్లలో పోతుంది, తెల్లగా బయటికొస్తుంది. క్వాట్ ఉన్న ముక్క పసుపు రాసిన గడపలా మిగిలిపోతుంది. రంగు ఋణావేశం ఉన్నది కాబట్టి ధనావేశాన్ని పట్టుకుని వదలదు. తర్వాత ఆ ముక్కను 0.1 శాతం సీటైల్ ట్రైమీథైల్ అమ్మోనియం క్లోరైడ్‌లో ఊపితే రంగు దిగుతుంది. ఫాస్ఫేట్ బఫర్ కలిపి 501 నానోమీటర్ల దగ్గర కొలిస్తే చదరపు సెంటీమీటరుకి ఎన్ని ఆవేశాలున్నాయో లెక్క వస్తుంది. మార్చని ముక్కకు కూడా ఇదే చేసి ఆ అంకెను తీసేయడం మరచిపోకండి.

అజైడ్ అయితే ఏటీఆర్ అనే, ఉపరితలాన్ని చూసే పద్ధతిలో ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రం తీస్తే 2100 సెం.మీ⁻¹ దగ్గర శిఖరం కనబడుతుంది. క్వాట్ నైట్రోజన్‌కి ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌రేలతో ఉపరితలంలోని మూలకాలను చూసే పద్ధతి)లో 402 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర చూడాలి.

నా పీవీసీ ముక్కలు గోధుమరంగుకి తిరిగాయి. పాడైపోయినట్టేనా?

క్లోరిన్ పోయింది గానీ దాని చోట మీరు పెట్టాలనుకున్నది రాలేదు. హైడ్రోజన్ క్లోరైడ్‌గా బయటికి పోయి గొలుసులో జంట బంధాలు వరుసగా ఏర్పడ్డాయి. ముందు లేత పసుపు, తర్వాత నారింజ, ఆఖరికి ఇంగువ రంగు. అమీన్‌లు క్షారాలు కాబట్టి ఇది ఎక్కువ చేస్తాయి. వేడి తగ్గించి, సమయం పెంచి చూడండి. లేత పసుపు దగ్గర ఆపగలిగితే ముక్క పనికొస్తుంది. ఇంగువ రంగు ముక్కను మాత్రం వంచి చూడండి, విరుగుతుంది.

ఎన్నిసార్లు కడగాలి? "ఒకసారి చాలు" అంటున్నారు.

చాలదు. దీనికి నా దగ్గర ఒక చేదు అనుభవం ఉంది. నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో పాలీప్రొపిలీన్ ముక్కల మీద క్వాట్ గ్రాఫ్ట్ చేశాం. మొదటి పరీక్షలోనే ప్లేట్ల మీద ఒక్క కాలనీ రాలేదు. అందరం స్వీట్లు పంచుకున్నాం. నాలుగు నెలలు అదే దారిలో వెళ్లాం. ఆఖర్లో ఒక అమ్మాయి, మా జూనియర్, ముక్కలను కడిగిన నీళ్లను విడిగా పరీక్షించింది. ఆ నీళ్లూ క్రిములను చంపాయి! బంధం పడని మోనోమర్, అంటే గొలుసులో చేరని విడి క్వాట్ అణువులు, ప్లాస్టిక్ సందుల్లో ఇరుక్కుని మెల్లగా బయటికొస్తోంది. మూడు రోజులు నీళ్లు మార్చుతూ నానబెట్టాక ఆ ముక్కలు మామూలు ప్లాస్టిక్‌కీ వీటికీ తేడా లేదన్నట్టు కాలనీలు పెంచాయి. నాలుగు నెలల పని పోయింది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మేము మొదటి వారంలో అడిగి ఉండాల్సింది.

కాబట్టి ముందు ఆల్కహాల్‌తో, తర్వాత ఉప్పు నీళ్లతో, ఆ తర్వాత మంచినీళ్లతో, నీళ్లు మార్చుతూ కనీసం రెండు మూడు రోజులు నానబెట్టండి. చివరిసారి కడిగిన నీళ్లలో క్రిములు హాయిగా పెరగాలి. అది చూపించనిదే "కోవలెంట్" అన్న మాట రాయకండి.

## పరీక్ష దగ్గర

అగార్ ప్లేట్‌లో ముక్క చుట్టూ ఖాళీ వలయం రాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడకండి, రాకపోవడమే మంచి కబురు. వలయం వచ్చిందంటే మందు అగార్‌లోకి, అంటే క్రిములను పెంచే జెల్లీలోకి, కారుతోందని అర్థం. గట్టిగా కట్టిన క్వాట్‌కి వలయం ఉండదు. ముక్కను ఎత్తి దాని కింద చూడండి, అక్కడ ఎదుగుదల లేకపోతే తాకినచోట పనిచేస్తోందని ఒక సూచన. వైవాలో ఎవరైనా వలయం ఏదని నిలదీస్తే ఇదే ధైర్యంగా చెప్పండి.

ఐఎస్ఓ 22196 పరీక్ష ఎలా చేస్తారు?

ప్లాస్టిక్ లాంటి ఉపరితలం మీద క్రిములు ఎంత తగ్గాయో కొలిచే అంతర్జాతీయ పరీక్ష ఇది, జపాన్ వాళ్ల జెడ్ 2801 ప్రమాణం నుంచి వచ్చింది. ఐదు సెంటీమీటర్ల చదరపు ముక్క మీద 0.4 మిల్లీలీటర్ల క్రిముల ద్రవం వేసి, పైన నాలుగు సెంటీమీటర్ల పలచటి ఫిల్ము కప్పి, 35 డిగ్రీల దగ్గర, 90 శాతానికి తగ్గని తేమలో 24 గంటలు ఉంచుతారు. తర్వాత కడిగి, బతికిన వాటిని లెక్కపెడతారు. స్టాఫిలోకోకస్ ఆరియస్, ఈ.కోలై రెండూ తప్పనిసరి. మార్చని ముక్కతో పోల్చి లాగ్ తేడా చెబుతారు, జపాన్ ప్రమాణంలో 2 వస్తే, అంటే నూరో వంతుకి తగ్గితే, పాస్.

రెండు చిక్కులు చూసుకోండి. ఒకటి, క్రిములు చావకుండా ధనావేశానికి అతుక్కుపోయి కడిగినప్పుడు రాకపోయినా లెక్కలో చచ్చినట్టే పడతాయి. అందుకే బతికినవీ చచ్చినవీ వేరే రంగుల్లో చూపే ఫ్లోరెసెంట్ స్టెయిన్ వేసి మైక్రోస్కోప్‌లో చూడాలి. రెండు, కడిగే ద్రవంలో లెసితిన్, ట్వీన్ లాంటి క్వాట్‌ను నిర్వీర్యం చేసేవి ఉండాలి, లేకపోతే పరీక్ష అయ్యాక కూడా చావులు కొనసాగుతాయి.

99.9 శాతం అంటే దాదాపు అన్నీ చచ్చినట్టే కదా?

పది లక్షల్లో వెయ్యి మిగిలాయి. అనుకూలంగా ఉంటే ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పదిసార్లు రెట్టింపైతే వెయ్యి మళ్లీ పది లక్షలు దాటతాయి. అంటే మూడు గంటల 20 నిమిషాలు. అంకెను చిన్నబుచ్చడం లేదు. శాతం పక్కన ఎన్ని గంటల్లో, ఎన్నింటితో మొదలుపెట్టి అన్నది లేకపోతే ఆ శాతానికి విలువ లేదు.

మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఈ పరీక్ష చేసుకోవచ్చా?

వద్దు. స్టాఫిలోకోకస్ ఆరియస్‌తో పని చేయాలంటే మైక్రోబయాలజీ ల్యాబ్, ఆటోక్లేవ్, శిక్షణ ఉన్న మనిషి ఉండాలి. మీరు ముక్కలు తయారుచేయండి, పరీక్షకు ఆ విభాగంతో చేతులు కలపండి.

## వాడకంలో, కొనేటప్పుడు

ఆసుపత్రి గొట్టాలను ఇలా చేస్తే ఇన్ఫెక్షన్లు ఆగిపోవా?

ఈ రంగం మీద నాకున్న ఆశంతా ఇక్కడే. మూత్రం గొట్టం వేసిన రోగికి ఒక్కో రోజుకి మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం. గొట్టం గోడకు మొదట అతుక్కున్న కొన్ని క్రిములే జిగురు పొర, అంటే బయోఫిల్మ్ కడతాయి. అది పట్టాక యాంటీబయాటిక్ లోపలికి సరిగ్గా వెళ్లదు. ఆ మొదటి అతుకును ఆపగలిగితే చాలా మేలు.

అయితే ఒంట్లోకి వెళ్లిన నిమిషాల్లోనే గొట్టం మీద ప్రొటీన్లు పరుచుకుంటాయి. మన ముళ్ల కంచె మీద దుప్పటి కప్పినట్టు. బఫర్‌లో అద్భుతంగా పనిచేసిన ముక్క మూత్రంలో, రక్తంలో చతికిలబడటం మామూలే. అందుకే పరీక్ష కృత్రిమ మూత్రంలో కూడా చేయండి. క్వాట్ మనిషి కణాలకూ మంచిది కాదు, రక్తకణాలు పగులుతున్నాయేమో చూడాలి. ఇవన్నీ దాటినా, గొట్టం అవసరం తీరిన రోజే తీసేయడానికి సాటివచ్చే ప్లాస్టిక్ లేదు.

ఎన్నాళ్లు పనిచేస్తుంది? సబ్బుతో కడిగితే పోతుందా?

బంధం తెగదు గానీ పని ఆగుతుంది. సబ్బు, బట్టల పౌడర్ ఋణావేశం ఉన్నవి, క్వాట్‌ను పట్టుకుని కప్పేస్తాయి. చచ్చిన క్రిముల శవాలు కూడా పొరగా పేరుకుంటాయి. ఆల్కహాల్‌తోనో అయానిక్ కాని (ఆవేశం లేని) డిటర్జెంట్‌తోనో శుభ్రం చేస్తే చాలావరకు తిరిగొస్తుంది. గీతలు పడి పైపొర అరిగిపోతే మాత్రం తిరిగిరాదు, ఎందుకంటే మార్పు ఉన్నది పైన కొన్ని నానోమీటర్ల నుంచి మైక్రాన్ల మందంలోనే. ఆ లెక్కన కత్తి తగిలే కూరగాయల చెక్కకు ఇది సరిపడని పద్ధతి.

క్రిములు దీనికి కూడా అలవాటు పడిపోవా?

స్టాఫిలోకోకస్‌లో క్వాట్‌ను బయటికి తోసేసే పంపుల జన్యువులు ఇప్పటికే ఉన్నాయి. ద్రవంగా కారే క్వాట్ మోతాదు తగ్గుతూ పోయినప్పుడు ఆ క్రిములకు పండగే. గోడకు కట్టేసిన గొలుసును పంపు తోసేయలేదు కాబట్టి ప్రమాదం తక్కువ. నిజంగా కట్టి ఉంటేనే సుమా.

యాంటీబాక్టీరియల్ వాటర్ ట్యాంకు కొనమంటారా?

వెయ్యి లీటర్ల నీళ్లలో గోడను తాకేది ఎంత? నడిమధ్య ఉన్న నీళ్లు గోడ మొహం చూడవు. అడుగున మడ్డి పేరుకుంటే ఆ గోడా కప్పబడిపోతుంది. గోడల మీద పాచి తగ్గితే తగ్గొచ్చు, నీళ్లు శుద్ధి కావు. మూత సరిగ్గా ఉన్న మామూలు ట్యాంకు కొని, ఆర్నెల్లకోసారి కడిగించి, వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చొప్పున నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు పోసి గంట ఆగండి. మా ఇంట్లో చేసేది అదే.

మా ఫ్యాక్టరీ టిఫిన్ డబ్బాల మీద "యాంటీబాక్టీరియల్" అని వేసుకోవచ్చా?

ముందు మీ ముడిసరుకు ఇచ్చినవాళ్లను మూడు అడగండి: మందు కలిపినదా, కట్టినదా? ఏ క్రిమి మీద, ఏ ప్రమాణంతో, ఎన్ని గంటల పరీక్ష? కొన్ని వందలసార్లు కడిగిన డబ్బా మీద ఆ పరీక్ష మళ్లీ చేశారా? మూడోదానికి జవాబు రాకపోతే ఆ మాట వేయకండి.

తిండి తగిలే ప్లాస్టిక్ కాబట్టి ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనలు వర్తిస్తాయి. డబ్బా నుంచి తిండిలోకి దిగే పదార్థం మొత్తం కిలోకి 60 మిల్లీగ్రాములు లేదా చదరపు డెసీమీటరుకి 10 మిల్లీగ్రాములు మించకూడదు. పప్పు, పెరుగు, పులిహోర ఒకేలా ప్రవర్తించవు, పులుపూ నూనే ఉన్నవాటితో కూడా పరీక్ష చేయించండి. ఆ డబ్బాలో మధ్యాహ్నం దాకా అన్నం ఉంచుకుని తినేది బడి పిల్లలు. డబ్బా మీద ఆ మాట చూసి "ఇవాళ కడగకపోయినా ఫర్వాలేదులే" అని వాళ్లమ్మ ఒక్కసారి అనుకున్నా, మీరు ముద్రించిన మాట వాళ్లకు కీడే చేస్తుంది.